వర్డ్‌ప్రెస్ వడపోత: గుణదోషాలు

వెబ్‌సైటులను నడుపు వ్యవస్థలలో వర్డ్‌ప్రెస్ మిక్కిలి వ్యాప్తి పొందినది. 2003లో వెలువడిననాడు అది రోజువారీ రచనలను ప్రకటించుటకు మాత్రమే ఉద్దేశించిన సాధనం. 2010 నాటి 3.0 కూర్పుతో కొత్త రకాలను కల్పించుకొనుట సులభమైనది. ఒక పాఠశాల తన వెబ్‌సైటులో పాఠాలు, ప్రయోగాలు, సభలు అని మూడు రకాలను పెట్టుకొని, వానికి 'తరగతి', 'తేదీ' వంటి సొంత గడులను తగిలింపవచ్చును. ఈ స్వేచ్ఛ మెచ్చదగినదే. మూడింటిని కలిపి ఒక గడినిబట్టి వడపోయవలసి వచ్చినప్పుడే చిక్కు.

సొంత గడుల విలువలన్నీ ఒకే పట్టికలో ఉండును. అందు నాలుగే నిలువు వరుసలు: వరుస సంఖ్య, రచన సంఖ్య, గడి పేరు, విలువ. విలువ అంకె అయినను, తేదీ అయినను అక్షరాలుగానే నిలువయుండును. ఇప్పుడు 'తొమ్మిదవ తరగతి, ఆపైన' అని అడిగితిమనుకొనుడు. యంత్రం 9ని, 10ని నిఘంటువులో పదాలవలె మొదటి అక్షరంనుండి పోల్చును. 1 కంటె 9 పెద్దది కనుక పదవ తరగతి పాఠాలు జారిపోవును! సంఖ్యలుగా పోల్చుమని విడిగా చెప్పవలెను. చెప్పినను, ఎవరైన 'పదవ తరగతి' అని మాటలలో వ్రాసియుంచినచో అది సున్నగా లెక్కకు వచ్చును.

ఇది కొంత ఓర్చుకొనదగిన దోషం. 'తేదీ' గడి సభలకే కలదు, పాఠాలకు లేదు. అన్నింటిని తేదీనిబట్టి వరుసగా పేర్చుమన్నచో పాఠాలు చివరకు పోవునని మనం తలంతుము. అవి అసలే కనబడవు. ఏలనన, ఆ పేరుగల గడి ఉన్న రచనలనే వ్యవస్థ తీసికొనును. 'తరగతి పది కానివి' అని అడిగినను ఇంతే. తరగతి గడియే లేని సభ నిశ్చయంగా పది కానిదే. అయినను ఫలితంలో చేరదు. విలువ వేరుగా ఉండుట వేరు, విలువ లేకుండుట వేరు అన్నట్లున్నది!

2012 నాటి 3.5 కూర్పునుండి 'గడి లేనివి' అని అడుగు వీలు కలదు. 'గడి ఉన్నవి లేదా లేనివి' అని కలిపి అడిగినచో పోయిన పాఠాలు తిరిగివచ్చును. కాని పోయినవని తెలిసినవాడే కదా అట్లు అడుగును! తప్పు జరిగినదన్న సూచన ఏదియు రాదు. పుట నిండుగానే కనబడును. నాకు ఆక్షేపణీయంగా తోచునది ఈ మౌనమే.

తేదీకి, ధరకు గడి తప్పదు. తరగతిని మాత్రం గడిగా గాక వర్గంగా పెట్టుట మేలు. వర్గాలకు వేరే పట్టికలు కలవు. ఒకే వర్గం మూడు రకాలకును చెల్లును. విచిత్రమేమనగా, అక్కడ 'పదవ వర్గం కానివి' అని అడిగినచో ఏ వర్గమూ లేని రచనలు కూడ వచ్చును. ఒకే వ్యవస్థలో ఒకే ప్రశ్నకు రెండు జవాబులు!