‘డిస్కో దీవానే’: గాత్రం, యంత్రం, విపణి - ఒక తొలి ఆల్బమ్ విజయ పరిశీలన

వ్యాస సంగ్రహం:
నాజియా హసన్ పాడిన ‘డిస్కో దీవానే’ (1981) దక్షిణాసియాలో సినిమాయేతర పాప్ సంగీతానికి వాణిజ్య స్థాయిని చూపిన తొలి ఆల్బమ్‌లలో ముఖ్యమైనది. దీని విజయాన్ని సాధారణంగా రెండు రకాలుగా వివరిస్తారు. ఒకటి, గాయని గొంతులోని కొత్తదనం. రెండు, సంగీత దర్శకుడు బిద్దూ నైపుణ్యం. ఈ రెండు వివరణలూ పాక్షికమైనవేనని, గాత్ర స్వభావం, ధ్వనిముద్రణ పద్ధతి, కేసెట్ విపణి, సినిమా ఇచ్చిన గుర్తింపు అనే నాలుగు అంశాల కలయికలోనే ఆ విజయాన్ని అర్థం చేసుకోవాలని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: పాప్ సంగీతం, డిస్కో, నేపథ్యగానం, కేసెట్ సంస్కృతి, నాజియా హసన్, బిద్దూ.

1. ఉపోద్ఘాతం:
దక్షిణాసియాలో 1980 నాటికి ‘పాట’ అంటే ప్రధానంగా సినిమా పాటే. హిందీలో లతా మంగేష్కర్, ఆశా భోస్లే, తెలుగులో పి. సుశీల, ఎస్. జానకి స్త్రీ గాత్రానికి ప్రమాణాలుగా నిలిచారు. సినిమాకు వెలుపల శాస్త్రీయ సంగీతం, గజల్, భక్తిగీతాలు, తెలుగునాట ఆకాశవాణి పెంచిన లలిత సంగీతం ఉన్నాయి. వాటికి ఆదరణ ఉన్నా, యువతరాన్నే గిరాకీగా భావించి రూపొందించిన ఆల్బమ్‌కు మాత్రం విపణిలో స్థిరమైన చోటు లేదు. ఆ స్థితిలో కరాచీలో పుట్టి లండన్‌లో పెరుగుతున్న 16 ఏళ్ల బాలిక, తమ్ముడు జోహెబ్‌తో కలిసి పాడిన ఆల్బమ్ సరిహద్దుకు రెండువైపులా ఇంటింటా వినిపించింది. ఈ పరిణామాన్ని కేవలం ‘సంచలనం’ అని వదిలివేస్తే విమర్శ తన పని మానుకున్నట్లే అవుతుంది.

2. సినిమా ఇచ్చిన అరువు:
నాజియా గొంతుకు విస్తృత గుర్తింపు తెచ్చింది సినిమానే. ఫిరోజ్‌ఖాన్ నిర్మించి, దర్శకత్వం వహించిన ‘కుర్బానీ’ (1980) చిత్రానికి కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ సంగీత దర్శకులు. అందులో ‘ఆప్ జైసా కోయీ’ ఒక్క పాటకు మాత్రం బిద్దూ బాణీ కూర్చారు. బెంగుళూరులో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన బిద్దూ, కార్ల్ డగ్లస్ పాడిన ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ (1974) నిర్మాతగా అప్పటికే ప్రసిద్ధుడు. తెరపై జీనత్ అమాన్ అభినయించిన ఆ పాటకు నాజియా ఉత్తమ నేపథ్య గాయనిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం అందుకున్నారు.

కాబట్టి ‘డిస్కో దీవానే’ సినిమాను కాదని గెలిచిన ఆల్బమ్ అనడం సరికాదు. దానికి పెట్టుబడిగా నిలిచిన గుర్తింపు సినిమాదే. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. నేపథ్యగానంలో గొంతు గాయనిది, ముఖం నటిది. ఆల్బమ్‌లో ఆ విభజన రద్దయింది. పాడిన వ్యక్తే పాటకు ముఖమయ్యారు. తమ ఈడు పిల్లే పాడుతున్నదన్న ఎరుక యువ శ్రోతలకు ఆ పాటను సొంతం చేసింది. సినిమా నుంచి తెచ్చుకున్న అరువును ఆల్బమ్ ఈ కొత్త సంబంధంగా మార్చుకుంది.

3. గొంతు - యంత్రం:
సంప్రదాయ ప్రమాణాలతో తూచితే నాజియాది సాధన చేసిన గొంతు కాదు. గమకాల బరువు లేదు, తారస్థాయిలో విస్తారం లేదు. కొంచెం ముక్కుతో పలికే సన్నని గొంతు అది. బిద్దూ ఈ పరిమితిని దాచే ప్రయత్నం చేయలేదు. బహుళ ట్రాక్ ముద్రణలో అదే గొంతును ఒకదానిపై ఒకటిగా పేర్చి, ప్రతిధ్వనిని జోడించి, బలమైన బేస్ గిటార్, డ్రమ్ముల దరువు పైన నిలిపారు. దానితో గొంతు దగ్గరగానూ దూరంగానూ ఒకేసారి వినిపించే గుణం పొందింది. నేపథ్యగానంలో వాద్యబృందం గాయనిని అనుసరిస్తుంది. ఇక్కడ గాత్రం దరువులో ఒక పొరగా కలిసింది.

దీనివల్ల ‘ఇది యంత్రం చేసిన గొంతు’ అనే ఆక్షేపణకు తావుంది. కాని ఆ ఆక్షేపణ నిలవదు. అదే పరికరాలతో సుశిక్షిత గాత్రాన్ని ముద్రించినా ఆ ఫలితం రాదు. గమకంతో నిండిన గొంతును పొరలుగా పేరిస్తే స్పష్టత చెదురుతుంది. నిరాడంబరంగా, నిటారుగా సాగే స్వరమే ఆ పద్ధతికి ఒదుగుతుంది. పైగా ఆల్బమ్‌లోని ‘లేకిన్ మేరా దిల్’ వంటి మందగతి పాటలో దరువు వెనక్కి తగ్గినప్పుడు కూడా గొంతు ఒంటరిగా నిలబడగలిగింది. తన హృదయం ఏడుస్తున్నదని చెప్పే ఆ పాటలో భావాన్ని అతిగా పలికించకపోవడమే భావమైంది. డిస్కో పేరుతో వచ్చిన ఆల్బమ్‌లో ఈ విషాదఛాయను విమర్శకులు తగినంతగా గుర్తించలేదు.

4. భాష:
శీర్షికలోనే ఆల్బమ్ భాషావిధానం ఉంది. ‘డిస్కో’ పాశ్చాత్య నగరాల మాట. ‘దీవానే’ పారసీ మూలం నుంచి ఉర్దూ కవిత్వంలో శతాబ్దాలుగా నలిగిన మాట. ‘దివానా’ రూపంలో తెలంగాణ తెలుగుకూ పరిచితమే. గజల్‌లో ప్రేమోన్మాదానికి గుర్తయిన పదం ఇక్కడ నృత్యశాల ఉత్సాహానికి గుర్తయింది. ఈ మార్పిడిలో అర్థగాంభీర్యం తగ్గిన మాట నిజం. కాని హిందీ అన్నా, ఉర్దూ అన్నా ఒప్పే సరళమైన పదజాలం వల్ల పాట లిపిభేదాన్ని, సరిహద్దును దాటగలిగింది. జియా-ఉల్-హక్ సైనిక పాలన (1977-1988) కింద స్త్రీల బహిరంగ కళాప్రదర్శన పట్ల విముఖత పెరిగిన పాకిస్తాన్‌లో ఒక బాలిక నృత్యగీతం ప్రజాదరణ పొందడం సామాజికంగా చిన్న విషయం కాదు. పాటలో రాజకీయ వాక్యం ఒక్కటీ లేదు. వినడమే ఒక చిన్న స్వేచ్ఛ.

5. విపణి - అంకెల పరిమితి:
తొలిరోజే బొంబాయిలో లక్ష ప్రతులు అమ్ముడుపోయాయని, 14 దేశాల జనాదరణ పట్టికల్లో చేరిందని ఈ ఆల్బమ్ గురించి తరచుగా ఉటంకిస్తారు. ఇటువంటి అంకెలను విమర్శ యథాతథంగా స్వీకరించరాదు. దుకాణాలకు పంపిన ప్రతులు, శ్రోతలు కొన్న ప్రతులు ఒకటి కావు. అంతకన్నా ముఖ్యంగా, అది కేసెట్ వ్యాపిస్తున్న కాలం. గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు ఆంధ్రప్రదేశ్ పల్లెలతో సహా అనేక ప్రాంతాలకు చేరాయి. గ్రామఫోన్ రికార్డు కొనలేని కుటుంబం కేసెట్ కొనగలిగింది. కొనలేనివారు నకలు చేయించుకున్నారు. ఆ నకళ్లు ఏ లెక్కకూ ఎక్కవు.

ఉత్తర భారత కేసెట్ విపణిని పరిశీలించిన పీటర్ మాన్యుయల్ ‘కేసెట్ కల్చర్’ (1993) గ్రంథం ఈ మాధ్యమం పెద్ద రికార్డు సంస్థల గుత్తాధిపత్యాన్ని సడలించిందని వివరించింది. ‘డిస్కో దీవానే’ ఆ మార్పు తొలిదశకు చెందినది. అంకె అతిశయమైనా కావచ్చు, అసలుకన్నా తక్కువైనా కావచ్చు. లెక్కించదగినది అమ్మకమే, అర్థం చేసుకోవలసినది వ్యాప్తి.

6. తెలుగు సందర్భం:
తెలుగులో డిస్కో ఆల్బమ్ ద్వారా కాక సినిమా ద్వారానే స్థిరపడింది. హిందీ ‘డిస్కో డాన్సర్’ ఆధారంగా చక్రవర్తి సంగీతంతో వచ్చిన ‘డిస్కో కింగ్’ (1984) ఇందుకు ఉదాహరణ. తరువాతి కాలంలో స్మిత పాప్ గాయనిగా పేరు పొందినా, ఆమెకు విస్తృత ప్రచారం తెచ్చిన వాటిలో ‘మసక మసక’ ఒకటి. అది ‘దేవుడు చేసిన మనుషులు’ (1973) చిత్రంలో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన పాటకు పునఃకల్పన. నాజియా సినిమా నుంచి గుర్తింపును మాత్రమే తీసుకున్నారు; తెలుగు పాప్ పాటనే తీసుకోవలసి వచ్చింది. గాయకుల ప్రతిభలో లోపం ఇందుకు కారణం కాదు. గాయకుల పేరుతో పాటను నిలబెట్టే విపణి ఇక్కడ బలపడలేదు.

7. ముగింపు:
నాజియా ఆ తరువాత మరికొన్ని ఆల్బమ్‌లు పాడి, 1992 నాటి ‘కెమెరా కెమెరా’ తరువాత గానానికి దూరమయ్యారు. న్యాయశాస్త్రం చదివి, ఐక్యరాజ్యసమితిలోనూ పనిచేశారు. 2000 ఆగస్టు 13న, 35 ఏళ్లకే, క్యాన్సర్‌తో లండన్‌లో మరణించారు. మరో 12 ఏళ్లకు ‘స్టూడెంట్ ఆఫ్ ద ఇయర్’ (2012) చిత్రం ఆమె గొంతును కొత్త గొంతుల మధ్య మళ్లీ వినిపించింది. సినిమా నుంచి బయలుదేరిన గాత్రం, గాయని లేని కాలంలో, తిరిగి సినిమాకే చేరింది. ఆల్బమ్ ఒకప్పుడు కలిపిన ముఖాన్నీ గొంతునూ పరిశ్రమ మళ్లీ విడదీసింది.

తొలి ఆల్బమ్ విజయాన్ని అమ్మకాల లెక్కతో ముగించే అధ్యయనం ఈ వియోగాన్ని చూడలేదు. ఆ విజయాన్ని గాయనికో, సంగీత దర్శకునికో, యంత్రానికో పూర్తిగా ఇచ్చివేయడమూ న్యాయం కాదు. జనప్రియ గీతంపై జరిగే పరిశోధన ‘ఎన్ని అమ్ముడుపోయాయి?’ అన్న ప్రశ్నతో పాటు ‘ఎవరి గొంతు, ఎవరి పేరుతో, ఎవరి చేతుల మీదుగా చేరింది?’ అన్న ప్రశ్నను కూడా వేసుకోవాలి. సినిమాయేతర తెలుగు పాట చరిత్రను రాయవలసిన పరిశోధకులకు ‘డిస్కో దీవానే’ అందించే పాఠం అదే.