మెట్ట మీద తామర

మొన్న శ్రీ సిటీలో ఒక గోడ వెంబడి మెట్టతామర దుబ్బులు తవ్వి విడదీస్తున్న పెద్దామెను చూసి ఆగాను. మనిషెత్తు కాడలు, ఎర్రటి పూలు.

"దీన్నేమంటారమ్మా?"

"కల్వాళై సార్."

ఆమెది ఆరంబాక్కం వైపు. తడ దాటితే చెట్టుకు పేరు మారిపోతుంది.

తమిళంలో వాళై అంటే అరటి. ఆకు చూస్తే నిజమే. మరి కల్, రాయి ఎక్కడిది? ఆమె ఎండుకాయ ఒకటి నలిపి నా అరచేతిలో నల్లటి గింజలు పోసింది. కొరికితే పన్ను విరగాల్సిందే. ఇంగ్లీషువాళ్లు కూడా ఈ గింజను చూసే దీన్ని 'ఇండియన్ షాట్' అన్నారు, తుపాకీ గుండు అని.

శాస్త్రీయనామం కన్నా ఇండికా. గ్రీకులో, లాటిన్‌లో కన్నా అంటే రెల్లు. కాడను చూసి పెట్టిన పేరు. మన పులికాట్ పక్కన పారే బకింగ్‌హామ్ కెనాల్‌లోని 'కెనాల్' కూడా ఆ మాటకు పుట్టిందే. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ వేసిన 'స్పీసీస్ ప్లాంటారమ్' మొదటి పేజీలో మొదటి మొక్క ఇదే. ఇండికా అన్నాడు గానీ పుట్టిల్లు అమెరికా ఖండం.

మనవాళ్లు పువ్వును చూశారు. చెరువు నిండితేనే మాగాణి, లేకుంటే అంతా మెట్టే అయిన సీమలో, నీళ్లు లేని నేల మీద తామర పూసిందని పేరు పెట్టుకున్నారు. నాకీ పేరంటే ప్రాణం. చెట్టు మాత్రం తామరకు చుట్టం కాదు; అరటి, అల్లం, పసుపుల వర్గానిది. ఆ లెక్కన తమిళుల పేరే నిజానికి దగ్గర. నర్సరీలో చెప్పే 'కన్నా లిల్లీ'కి ఆ చుట్టరికం కూడా లేదు. పిల్లలకు ఇప్పుడు అదొక్కటే తెలుసు, అది నాకు బాధ.

మా అమ్మ దీన్ని స్నానాల నీళ్లు పారే చోట నాటేది. దుంప విరిచి పాతితే చాలు, మళ్లీ చూడక్కర్లేదు. గింజతో అయితే ఓపిక కావాలి. పైపెంకు నీటిని లోపలికి రానివ్వదు. గరుకురాతి మీద ఒక పక్క తెల్లగా కనిపించేదాకా అరగదీసి, గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి.

పెద్దామె ఇచ్చిన గింజల్లో ఐదు అలాగే అరగదీశాను. పొద్దున చూస్తే మూడు ఉబ్బి ఉన్నాయి. కుండీలో పెట్టి, పుల్లకు కట్టిన అట్టముక్క మీద రెండు పేర్లూ రాశాను: మెట్టతామర, కల్వాళై.