నవంబరు 27: బర్లాము యోసపాతుల పండుగ

రోమను సంఘము తన పునీతుల స్మరణకై యేర్పఱచిన దినముల పట్టికలో నవంబరు 27వ తేది చిరకాలము బర్లాము, యోసపాతు అను నిరువుర పేర నుండెను. 16వ శతాబ్ది చివర సవరింపఁబడిన రోమను వేదసాక్షుల పట్టిక వీరిని పారసీకమున కిరుగుపొరుగున నున్న హిందూదేశమువారినిగాఁ బేర్కొన్నది. గ్రీకు సంఘమున యోసపాతు పండుగ ఆగస్టు 26వ తేదిని జరుగును.

కథ యిది. హిందూదేశమున అబెనేరను రాజు క్రైస్తవులను హింసించుచుండెను. అతనికిఁ గుమారుఁడు పుట్టఁగా, వాఁడు క్రైస్తవుఁ డగునని దైవజ్ఞుఁ డొకఁడు చెప్పెను. రాజు భయపడి, రోగమును ముదిమియు మృత్యువును కంటఁబడకుండ కుమారుని సుందరమందిరమున నుంచి పెంచెను. యోసపాతు వెలికి వచ్చి రోగిని, గ్రుడ్డివానిని, వృద్ధుని చూచి కలఁత చెందెను. బర్లామను తాపసి రత్నవర్తకుని వేషమున వచ్చి, యతనికి బోధించి జ్ఞానస్నాన మొసఁగెను. తుదకుఁ దండ్రియు మతము మాఱెను. కుమారుఁడు కొంతకాలము రాజ్యమేలి, దానిని విడిచి తపమునకుఁ బోయెను.

ఇది సిద్ధార్థుని చరిత్రయే యని వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. పోర్చుగీసు చరిత్రకారుఁడు కూటో యీ పోలికను 17వ శతాబ్ద్యాదినే గుర్తించెను. లబూలే 1859లోను, లీబ్రెక్టు 1860లోను దీనిని వివరముగా నిరూపించిరి. నామమే ప్రబలసాక్ష్యము. బోధిసత్త్వ శబ్దము అరబ్బీలో బూదాసఫ్ ఆయెను. ఆ లిపిలో బకారమునకు దిగువ నొక చుక్క, యకారమునకు రెండు. పదాదిని భేద మంతియే. మన తాటాకు ప్రతులలోఁ బకార వకారములు తాఱుమాఱైనట్లు, అచ్చట బూదాసఫ్ యూదాసఫ్ ఆయెను. అదియే జార్జియను భాష మీఁదుగా గ్రీకున యోఆసఫ్, లాటినున యోసపాతు అయ్యెను. గ్రీకు గ్రంథమును పూర్వులు దమస్కు యోహానుని కృతి యనిరి. ఆథోసు పర్వతవాసి యగు యూథిమియసు (మరణము 1028) జార్జియను నుండి చేసిన యనువాద మని నేఁటి పరిశోధకులలోఁ బెక్కుర మతము.

దీనిఁ బట్టి కొందఱు, క్రైస్తవ సంఘము తెలియకయే బుద్ధుని బూజించిన దందురు. మఱికొందఱు, పునీతుల పట్టిక యంతయుఁ గట్టుకథ యందురు. రెండును తొందరపాటు మాటలే.

మొదటిదానికి బర్లాము చెప్పిన కూపదృష్టాంతమే సమాధానము. ఇది సంస్కృత భారతమున స్త్రీపర్వమందు విదురుఁడు ధృతరాష్ట్రునకుఁ జెప్పినదే. నూతిలోఁ బడి వ్రేలాడువాఁడు, చెట్టును గొఱుకు నల్లని తెల్లని యెలుకలు, పైనుండి జాఱు తేనెబొట్లు: ఇవి రెండింటను గలవు. కాని భారతమున నూతి యొడ్డున ఆఱు మొగముల, పండ్రెండు పాదముల యేనుఁగు గలదు, అది సంవత్సరము. దిగువ నున్న సర్పము కాలము. గ్రీకు కథలో ఏనుఁగు పోయి ఒంటికొమ్ము మృగము వచ్చెను, అది మృత్యువు. దిగువ సర్పము నరకము. బొమ్మ నిలిచినది, భావము మాఱినది. అట్లే సిద్ధార్థుఁడు బోధివృక్షము క్రింద స్వయముగా జ్ఞానము నందెను. యోసపాతు గురువు వలన విశ్వాసము నందెను. సంఘము గ్రహించినది త్యాగకథను, బౌద్ధధర్మమును గాదు.

రెండవదానికి యోసపాతు కుంత్సేవిచే యుత్తరము. ఇతఁడు 1623లో హతుఁడై, 1867లోఁ బునీతుఁడుగాఁ బ్రకటింపఁబడిన చారిత్రక పురుషుఁడు. పండుగ నవంబరు 12. ఒకే పేర, ఒకే మాసమున, రెండు పండుగలు. ఒకదానికిఁ జరిత్ర యాధారము, ఒకదానికిఁ గావ్యము. కావున ప్రతి దినమును వేఱువేఱుగఁ బరీక్షింపవలయును గాని, యొకదాని లోపమును వేఱొకదానికి నంటఁగట్టరాదు.

2001లో వెలువడిన సవరణప్రతిలో బర్లాము యోసపాతుల పేర్లు లేవు. చరిత్రదృష్టితో నిది న్యాయమే. అయినను పండుగదినము ఒక మనుజుఁ డుండెనని యెల్లప్పుడును సాక్ష్య మీయదు. ఒక గ్రంథమును జనులు భక్తితోఁ జదివిరని మాత్రము సాక్ష్య మిచ్చును. సాహిత్యచరిత్ర వ్రాయువారి కా రెండవ సాక్ష్యము తక్కువది కాదు.