కవాతు కథలు: తెలుగు సైనికుల శిక్షణస్మృతులు – ఒక పరిశీలన

'కవాతు' అను పదమునకు మూలము అరబ్బీ భాషలోని 'కవాయిద్'. నియమములని దాని యర్థము. ఉర్దూలో ఆ పదమే వ్యాకరణమునకును పేరైనది. మౌల్వీ అబ్దుల్ హఖ్ 1914లో ప్రకటించిన ఉర్దూ వ్యాకరణమునకు 'కవాయిదె ఉర్దూ' అని పేరు. భాషను నియమించునదియు దేహమును నియమించునదియు ఒక్క పదముచేతనే వ్యవహరింపబడుట గమనింపదగిన విషయము. సేనలో చేరిన యువకుడు తొలి నెలలలో నేర్చునది నిజముగా ఒక వ్యాకరణమే. నిలుచుట, తిరుగుట, నడచుట, ఆగుట అను క్రియలు అతనికి పుట్టినది మొదలు తెలిసినవే. అయినను వానిని సూత్రబద్ధముగా మరల నేర్చుకొనవలెను. ఆ నెలలను గూర్చి వృద్ధసైనికులు ఒకచోట చేరినపుడు చెప్పుకొను కథలు ఆ వ్యాకరణమునకు లక్ష్యములు. ఇవి కాలక్షేపపు కబుర్లు మాత్రమే కావనియు, తమకంటూ లక్షణములు గల యొక మౌఖిక ప్రక్రియ యనియు, తెలుగు విమర్శ వీనిని విచారించుట అవసరమనియు నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇట్టి కథలు వినుటకు చెన్నపట్టణము తగిన స్థలము. నగరపు దక్షిణభాగమున పరంగిమలై, పల్లావరము చిరకాలమునుండి దండు ప్రదేశములు. 1962 నాటి చైనా యుద్ధానంతరము, 1963లో, పరంగిమలై వద్ద అధికారుల శిక్షణ పాఠశాల స్థాపింపబడినది. 1988లో దానికి అకాడమీ యను పేరు వచ్చినది. 1992నుండి స్త్రీలును అక్కడ శిక్షణ పొందుచున్నారు. సిపాయిల శిక్షణ నీలగిరులలోని వెల్లింగ్టనులో, మద్రాసు రెజిమెంటు కేంద్రమున జరుగును. ఈ రెండు చోట్ల శిక్షణ పొందినవారును, ఇతర దళములలో పనిచేసినవారును పదవీ విరమణానంతరము నగరమున స్థిరపడుట కలదు. మాజీ సైనికుల క్యాంటీను వరుసలలో, నవంబరు నెలలో జీవన ప్రమాణపత్రము సమర్పించుటకు చేరిన పింఛనుదారుల నడుమ, సాయంకాలపు ఉద్యానములలో ఈ కథలు నడచుచుండును. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము దాపున నున్న మాధవరము 'మిలిటరీ మాధవరము'గా ప్రసిద్ధి కెక్కినది. తరతరములుగా సేనలో చేరిన యట్టి గ్రామములలో రచ్చబండ చేయు పనిని నగరములో క్యాంటీను వరుస చేయుచున్నది.

తెలుగువారికిని సిపాయి వృత్తికిని గల సంబంధము మిక్కిలి ప్రాచీనము. 1756లో క్లైవు కలకత్తాను తిరిగి పట్టుటకై చెన్నపట్టణమునుండి ఓడలపై బయలుదేరినపుడు వెంట గొనిపోయిన సేనలో దక్షిణదేశపు సిపాయిలు ఉండిరి. 1757 జూన్ 23న ప్లాసీ యుద్ధములో పాల్గొన్నవారు వీరే. ఉత్తరదేశీయులు వీరిని 'తిలంగా' లనిరి. కాలక్రమమున ఆ పేరు ప్రాంతమును విడిచి వృత్తికి అంటుకొన్నది. హిందూస్తానీలో తిలంగా యనగా ఆంగ్ల పద్ధతిలో కవాతు నేర్చిన సిపాయి యని యర్థమేర్పడినది. 1857లో ఢిల్లీలో తిరుగుబాటు చేసిన అవధు సిపాయిలను సైతము ఆ నగరవాసులు తిలంగాలనియే వ్యవహరించిరి. ఒక జాతి పేరు మరియొక భాషలో ఒక వృత్తికి పేరగుట సామాన్య విషయము కాదు.

ఇంత చరిత్ర యుండియు మన సాహిత్య చరిత్రలలో సిపాయి స్వీయకథకు ప్రత్యేక స్థానము లేదు. ఉత్తరదేశమున సీతారాము అను సుబేదారు ఆత్మకథగా చెప్పబడు గ్రంథము 1873లో ఆంగ్లములో వెలువడినది. దాని ప్రామాణ్యమును పండితులు శంకించుచున్నను, సిపాయికి జీవితకథ యొకటి యుండునను భావము దానివలన స్థిరపడినది. తెలుగులో గురజాడ 1909 నాటి కన్యాశుల్కములో, సారాదుకాణపు రంగమున ఒక హవల్దారును ప్రవేశపెట్టెను. మన ప్రసిద్ధ నాటకములో సైనికుడు కనబడునది యుద్ధరంగమున కాదు, కబుర్ల రంగమున. గురజాడ దృష్టి యెంత సూక్ష్మమో దీనివలన తెలియును. ఆరుద్ర 1943లో వైమానిక దళమున చేరి 1947 వరకు పనిచేసెను. తరువాత చెన్నపట్టణమున స్థిరపడి మన సాహిత్యమునకు సమగ్ర చరిత్ర వ్రాసెను. సైనికజీవితము తెలుగు రచయితలకు తెలియనిది కాదు. అయినను శిక్షణకాలపు అనుభవము గ్రంథస్థము కాక నోటిమాటగనే నిలిచినది.

దీనికి చారిత్రక కారణ మొకటి కలదు. 1881నుండి 1885 వరకు మద్రాసు సేనకు అధిపతియైన రాబర్ట్సు దాక్షిణాత్యులు ఔత్తరాహులకు యుద్ధమున సరిరారని తలచెను. 1897లో ప్రకటించిన తన స్మృతిగ్రంథమున ఆ యభిప్రాయమును వ్రాసెను. 'యోధజాతులు' అను సిద్ధాంతము బలపడినకొలది దక్షిణదేశపు దళములు తగ్గినవి. 1928 నాటికి మద్రాసు రెజిమెంటు పూర్తిగా రద్దయి, రెండవ ప్రపంచయుద్ధకాలమున మరల ఏర్పడినది. తాత కవాతు కథను మనుమడు తన కవాతుతో పోల్చుకొను అవకాశము ఆ విరామమున తెగిపోయినది. నేడు వినబడు కథలలో అధికభాగము పునరుద్ధరణ తరువాతి కాలమునకు చెందినవే.

ఇక ఈ కథల నిర్మాణమును చూతము. ప్రతి కథయు సామాన్యముగా మూడు భాగములు కలిగియుండును. మొదటిది ప్రవేశము: రైలు దిగుట, జుట్టు తీయించుకొనుట, పేరునకు బదులు సంఖ్య వచ్చుట. రెండవది ఉస్తాదుతోడి సంఘర్షణము. ఉస్తాదనగా శిక్షకుడు. మెరుగు చాలని బూటు, గుండీ తప్పిన చొక్కా, కదమ్‌తాల్‌లో ఒక్క క్షణము వెనుకబడిన కాలు మొదలగునవి యిందలి వస్తువులు. వీపున పిట్టూ అను మూటతో పరుగు, మోచేతులపై ప్రాకుట యిందలి శిక్షలు. ఈ శిక్షలకు సేనలో 'రగ్డా' యని పేరు. తెలుగువారు దానిని సునాయాసముగా 'రగడ' చేసికొందురు. మూడవది కసమ్ పరేడు: ప్రమాణము చేసి సైనికుడగుట. ఈ భాగము కథలో రెండు మూడు వాక్యములకు మించదు. కథకునికి ఘనమైన దినము అదియే. శ్రోతలకు రుచించునది మాత్రము రెండవ భాగము. దీని నెరిగిన కథకుడే మంచి కథకుడు.

ఈ ప్రక్రియలో శ్రోత మౌనముగా నుండడు. ఒకరు కథ ముగింపకముందే మరియొకరు "అది ఏపాటి? మా రోజుల్లో అయితేనా..." అని యందుకొందురు. ముందటి కథ పది మైళ్ళ పరుగైనచో తరువాతిది పదునైదగును. ఇది అసత్యము కాదు, అవధానసభలో పృచ్ఛకుని వంటి ప్రేరణము. ఎవరి కాలమున శిక్షణ కఠినముగా నుండెనను విషయము ఎన్నడును తేలదు. తేలవలెనని ఎవరికిని కోరికయు లేదు.

తెలుగు సైనికుల కథలకు మాత్రమే గల విశేషము భాషను గూర్చినది. స్వాతంత్ర్యానంతరము ఆజ్ఞలు ఆంగ్లమునుండి హిందీకి మారినవి. 'సావధాన్' అనగా బిగిసి నిలువవలెను. తెలుగులో సావధానముగా అనగా తొందరలేక, తాపీగా అను అర్థము వాడుకలో కలదు. ఒక కథ యిట్లు నడచును: క్రొత్తగా వచ్చిన తెలుగు రంగ్రూటు 'సావధాన్' అను కేక విని, పోనీ దయతలచిరని భుజములు వదులుచేసెను. 'విశ్రామ్' అనగానే కూర్చుండెను. తరువాత జరిగినది 'రగడ'. వెనుకకు తిరుగుమను 'పీఛే ముడ్' అను ఆజ్ఞ తెలుగు చెవికి ఏ యవయవమును స్ఫురింపజేయునో వివరింపనక్కరలేదు. ఆ మాటకు నవ్విన మొదటి వరుస అంతయు మైదానము చుట్టి వచ్చినదని కథకులు చెప్పుదురు. ఇట్టి కథ హిందీలో పుట్టదు, తమిళమున ఈ రూపమున పుట్టదు. సంస్కృతపదము రెండు భాషలలో రెండు దారులు త్రొక్కిన విషయమును భాషాశాస్త్రజ్ఞుడు పుటలలో చెప్పును. వృద్ధసైనికుడు దానిని ఒక్క నవ్వులో చెప్పుచున్నాడు.

మద్రాసు రెజిమెంటులో నాలుగు దక్షిణభాషలవారును కలియుదురు. అక్కడ తెలుగువాడును 'తంబి'యే. 'వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు' అను రణఘోష అందరిదియు. తన భాష కాని మాటలతో శత్రువును గెలువవలసినవాడు స్వభాషను దాచుకొనుచోటు ఈ హాస్యకథయే.

ఈ హాస్యమునకు శాస్త్రమున ఆధారము కలదు. శృంగారమునుండి హాస్యము, రౌద్రమునుండి కరుణము పుట్టునని భరతుని మతము. ఆ లెక్కన ఉస్తాదు రౌద్రమునకు ఫలితముగా కరుణము రావలెను. కథలో వచ్చునది హాస్యము. అభినవగుప్తుడు ఏ రసాభాసమునుండియైనను హాస్యము పుట్టగలదని చెప్పియున్నాడు. ఒక గుండీ కొరకు ప్రళయకాలరుద్రునివలె లేచు ఉస్తాదు రౌద్రము ఆలంబనమునకు మించినది, కనుక అది రౌద్రాభాసము. నాటి రంగ్రూటునకు అది భయము. ముప్పది యేండ్ల దూరమున నిలిచి చూచిన వృద్ధునకు అది హాస్యము. ఈ దూరమే కథకు ప్రాణము.

ఇందు సత్యమెంత యను ప్రశ్న సహజముగా కలుగును. అమెరికా అంతర్యుద్ధకాలమున ఎడమ కుడి తెలియని రంగ్రూటుల కాళ్ళకు ఒకదానికి ఎండుగడ్డి, మరియొకదానికి వరిగడ్డివంటి కసవు కట్టి నడపిరని ప్రసిద్ధి. ఇట్టి కథ దక్షిణదేశపు సైనికుడు తాటాకు, గుడ్డపేలికలతో చెప్పినను వింత కాదు. లోకమంతటను తిరుగు కథాంశములు ఇందు మిక్కుటము. అందుచేత ఈ కథలను చరిత్రకు సాక్ష్యములుగా గ్రహించుట పొరపాటు. కల్లలని త్రోసివేయుటయు పొరపాటే. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున నిత్యము, వైకల్పికము, బహుళము అను భేదములు పాటించెను. కవాతు నిత్యకార్యము, అందు వికల్పమునకు తావు లేదు. కథ బహుళము. అందరికిని పొసగు భాగమును ప్రక్కకుపెట్టి, ఆ కథకునికి మాత్రమే చెందిన చోటును పట్టుకొనుట విమర్శకుని పని. లంగరులో మొదటి రాత్రి రొట్టెను చూచి అన్నము ఎప్పుడు పెట్టుదురని యెదురుచూచిన వాని మాట యట్టిది. ఉత్తరము వ్రాయరాని సహచరునికి తెలుగు అక్షరములు నేర్పిన వాని మాట యట్టిది. ఇట్టి చోట్ల కథ స్వరము తగ్గును, పోటీ ఆగును, తరువాతి వ్యక్తి వెంటనే అందుకొనడు. అదియే దాని విలువకు గుర్తు.

ఈ ప్రక్రియలో రెండు లోపములు కలవు. ఒకటి: ఇది నెగ్గినవారి కథ. శిక్షణ పూర్తిచేయలేక ఇంటికి మరలినవారు, దేహమో మనస్సో చెడినవారు ఈ సభకు రారు. రెండవది: ఎంతటి కాఠిన్యమునైనను "అదే మమ్మల్ని మనుషుల్ని చేసింది" అను వాక్యముతో క్షమించుట. ఈ వాక్యము సత్యము కావచ్చును. అయినను అది విచారణను మూసివేయును. చెన్నపట్టణపు సేనాచరిత్రయే దీనికి ప్రత్యుత్తరము చెప్పుచున్నది. 1805 నవంబరులో మద్రాసు సేనాధిపతి క్రాడక్కు క్రొత్త తలపాగాను విధించెను. తరువాతి నియమములలో కవాతునకు నొసటిబొట్టు ఉండరాదనియు, గడ్డము తీయవలెననియు, మీసము ఒక కొలతలో నుండవలెననియు చేర్చబడినది. ఎదిరించిన సిపాయిలను సెంటు జార్జి కోటకు పంపి విచారించి, కొరడాదెబ్బలు శిక్షగా విధించిరి. 1806 జూలై 10న వేలూరులో తిరుగుబాటు జరిగినది. నేటి కథలో జుట్టు తీయుట నవ్వునకు వస్తువు. నాడు బొట్టు తీయుట ప్రాణములకు వచ్చినది. పోయినది మరల వచ్చునని నమ్మకము గలచోట హాస్యము పుట్టును. నమ్మకము లేనిచోట పుట్టదు. ప్రతి శిక్షణస్మృతియందును వినువారు ఈ భేదమును అడిగి తెలిసికొనవలెను.

చెన్నపట్టణమున ఈ కథలకు మరియొక ప్రమాదము కలదు. 2006 నాటి చట్టముతో తమిళనాట మొదటి తరగతినుండి తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. అల్పసంఖ్యాక భాషల బడులలో మాతృభాషా పరీక్ష న్యాయస్థానములకెక్కిన వివాదమైనది. రాజ్యభాషను నేర్చుట మేలే. ఇంటిభాష చదువరాని మనుమడు తాత కథలోని 'సావధాన్'ను విని నవ్వలేడు. ఆ నవ్వు అర్థము కావలెనన్న తెలుగు 'సావధానము' తెలిసియుండవలెను. కథ పోవుటకు కథకుడు పోనక్కరలేదు, శ్రోత లేకున్న చాలును.

కావున ఈ కథలను చెప్పినవారి నోటి తెలుగుననే వ్రాసికొనుట నేటి అవసరము. హిందీ ఆజ్ఞలను, తమిళపు పిలుపులను తీసివేసి గ్రాంథికము చేసినచో కథ మిగులదు. చెప్పినవారి దళము, శిక్షణ పొందిన ఊరు, సంవత్సరము గుర్తింపవలెను. మధ్యలో అందుకొన్నవారి మాటలను విడువరాదు. పాఠశాలలలో పై తరగతుల విద్యార్థులకు వ్యాసరచనగా ఈ పనిని అప్పగింపవచ్చును. ఒక్కొక్కరు తమ వీథిలోని ఒక వృద్ధసైనికుని కథను నాలుగు పుటలు వ్రాసి తెచ్చినచో, తిలంగా యను పేరును పరభాష కిచ్చిన జాతికి ఆ సిపాయి మాట స్వభాషలో దక్కును.