సమాధుల తోటలో ‘లేచుట’: కోనసీమ ఈస్టరు ఆచారాలు – పదార్థ పరిశీలన

తెలుగు క్రైస్తవ సాహిత్యంపై వచ్చిన విమర్శ ప్రధానంగా రెండు మార్గాల్లో నడిచింది. కేంద్ర సాహిత్య అకాడమీ 1964లో పురస్కరించిన గుర్రం జాషువ ‘క్రీస్తు చరిత్ర’ వంటి కావ్యాలను సంప్రదాయ కావ్య ప్రమాణాలతో తూచడం ఒక మార్గం. పురుషోత్తమ చౌదరి మొదలుకొని కీర్తనకారుల రచనల్లో భక్తి తత్త్వాన్ని వెదకడం రెండో మార్గం. ఆర్.ఆర్. సుందరరావు తెలుగు కీర్తనల పుస్తకంలోని భక్తి వేదాంతంపై 1983లో వెలువరించిన ఆంగ్ల గ్రంథం ఈ రెండో మార్గంలో గట్టి మైలురాయి. ఈ రెండూ అచ్చయిన పాఠాన్నే పాఠంగా తీసుకున్నాయి. పండుగ పూట జనం నోట పలికే మాటలు, చోటులకు పెట్టుకున్న పేర్లు, రాతి మీద చెక్కించుకున్న వాక్యాలు విమర్శ దృష్టికి ఆనలేదు. కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల క్రైస్తవులు ఈస్టరు వేకువన చేరుకునే చోటు పేరు ‘సమాధుల తోట’. ఆ రెండు పదాలనూ, అక్కడ పలికే ‘లేచెను’ అన్న క్రియనూ సాహిత్య పాఠంగా చదివినప్పుడు తేలే అర్థాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పండుగ పేరు

గ్రీకు, లాటిన్ భాషల్లో యూదుల విడుదల పండుగకూ, క్రీస్తు పునరుత్థాన పండుగకూ ఒకటే పేరు: పాస్కా. ఐగుప్తు దాస్యం నుంచి విడుదల, మరణం నుంచి విడుదల ఒకే మాటలో ఇమిడి ఉంటాయి. ఆంగ్లంలో ఈ ముడి విడిపోయింది. ఈస్టరు అన్న పేరు ఈయోస్త్రె అనే దేవత పేరిట ఏర్పడిన మాసనామం నుంచి వచ్చిందని 8వ శతాబ్దపు ఆంగ్ల సన్యాసి బీడ్ రాశాడు. ఆంగ్లం మాట్లాడే మిషనరీల ద్వారా పండుగ పేరును స్వీకరించిన తెలుగు ప్రొటెస్టెంటు సమాజానికి ఆ విడిపోయిన రూపమే అందింది. తెలుగు బైబిలులో ‘పస్కా’ యూదుల పండుగగా మిగిలింది. సంఘంలో జరిగేది ‘ఈస్టరు’ అయింది. కథోలిక ఆరాధన భాషలో మాత్రం ‘పాస్కా’ పండుగ పేరుగానూ నిలిచింది. దాస్య విముక్తి కథ దళిత క్రైస్తవ సమాజానికి ఎంత దగ్గరిదో తలచుకుంటే, పండుగ పేరులో ఆ స్ఫురణ తెగిపోవడం చిన్న నష్టం కాదు.

మలయాళంలో ‘ఉయిర్ప్పు’, తమిళంలో ‘ఉయిర్త్త ఞాయిఱు’ అని పండుగకు దేశి పేర్లున్నాయి. ప్రాణం పోసుకోవడం అన్న అర్థం అందులో ఉంది. తెలుగు ఇక్కడ సంస్కృతాన్ని ఆశ్రయించి ‘పునరుత్థానము’ అన్నది. ‘పునర్జన్మ’ అన్న సిద్ధపదం పక్కనే ఉన్నా దానిని అనువాదకులు తీసుకోలేదు. జన్మ మారడం వేరు, మరణించిన ఆ వ్యక్తే లేవడం వేరు అన్న ఎరుక ఆ ఎంపికలో ఉంది. అయితే ‘పునః’ అన్న ఉపపదం రెంటిలోనూ ఉండటం వల్ల వినేవారి చెవిలో ఒకదాని నీడ మరొకదానిపై పడుతుంది. ఆ నీడను తొలగించినది వాడుక. ఈస్టరు ఉదయాన కోనసీమ వీధుల్లో ‘పునరుత్థానుడాయెను’ కంటే ముందు వినిపించేది ‘లేచెను’, ‘లేచాడు’. తెలుగులో లేచుట నిద్ర నుంచి మేలుకొనుట కూడా. ఈ శ్లేష వ్యాసం చివరిదాకా అవసరమవుతుంది.

కోనసీమ విషయంలో మరొక చారిత్రకాంశం గమనించదగినది. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రేరణతో 1836లో భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశారు. వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున నరసాపురం, ఈవలి ఒడ్డున రాజోలు ప్రాంతపు సఖినేటిపల్లి; నడుమ రేవు. వారు చెందిన బ్రదరెన్ సంప్రదాయం సంఘ పంచాంగానికి ప్రాధాన్యం ఇవ్వదు. ప్రతి ఆదివారమూ రొట్టె విరిచి ప్రభువు మరణాన్ని స్మరించేవారికి ఏటికి ఒక పునరుత్థాన దినం ప్రత్యేకంగా అవసరం లేదు. ఆ దృష్టిలో ప్రతి ఆదివారమూ ఈస్టరే. ఇటువంటి తొలి వారసత్వం ఉన్న సీమలో కూడా ఈస్టరు ఇంత విస్తారమైన జనాచారంగా కనిపిస్తున్నదంటే, అది కేవలం మిషనరీలు ఇచ్చి వెళ్లిన పండుగ అనడం కుదరదు. ఇతర సంఘాల రాక ఇందుకు ఒక కారణం కావచ్చు. తమ మృతులతో ఏటికొకసారి గడపాలన్న జనం కోరిక అంతకంటే బలమైన కారణమని ఆచారాల స్వరూపాన్ని బట్టి ఊహించవచ్చు.

మట్ట

శ్రమ దినాల చివరి వారం మట్టల ఆదివారంతో మొదలవుతుంది. యేసు యెరూషలేము ప్రవేశాన్ని నాలుగు సువార్తలూ చెప్పినా, ఖర్జూరపు మట్టలను పేర్కొన్నది యోహాను ఒక్కడే. మత్తయి, మార్కు కొమ్మలన్నారు. లూకా కొమ్మల ఊసే ఎత్తలేదు. తెలుగువారు పండుగకు పేరు పెట్టేటప్పుడు యోహాను మాటనే పట్టుకున్నారు. ‘ఖర్జూరపు’ అన్న విశేషణం జారిపోయి ‘మట్ట’ మిగిలింది. కోనసీమలో మట్ట అంటే మొదట తోచేది కొబ్బరి మట్ట. ఎండితే వంటచెరకు, ఈనెలు తీస్తే చీపురు, అల్లితే తడిక, పచ్చిగా పెళ్లి పందిరి, పచ్చిగానే పాడె. బతుకు ఆది నుంచి తుది దాకా వెంట ఉండే వస్తువు రాజును ఎదుర్కొనే సాధనమైంది. ఖర్జూరం ఈ నేలకు పరాయిది కనుక కొబ్బరితో సరిపెట్టుకున్నారని చెప్పి ఊరుకోవడం ఆచారాన్ని తక్కువ చేసి చూడటమే. పందిరికీ పాడెకూ ఒకే ఆకు వాడే సమాజానికి, జయధ్వానాల ఆదివారం నుంచి సిలువ శుక్రవారం దాకా ఉన్న అయిదు రోజుల దూరం ఎంత తక్కువో వివరించి చెప్పనక్కరలేదు. భస్మ బుధవారం పాటించే సంఘాల్లో గత ఏటి మట్టలను కాల్చిన బూడిదనే నుదుట రాసే సంప్రదాయం ఉంది. అక్కడ మట్ట పండుగకూ పశ్చాత్తాపానికీ కూడా వంతెన.

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానం తెలుగు సంఘాలన్నింటా దాదాపు ఒకే తీరున సాగుతుంది. అందులో కోనసీమకు ప్రత్యేకించిన అంశం లేదు.

తోట, కాడు

శనివారానికి సమాధుల తోటలో పని మొదలవుతుంది. కలుపు తీయడం, సమాధులకు సున్నం వేయడం, పూలదండలు కట్టడం. ఆదివారం వేకువనే కొవ్వొత్తులతో జనం చేరుతారు. పాటలు, వాక్యం, ప్రార్థన. పొద్దు పొడిచాక గుడికి. నవంబరు 2న మృతుల స్మరణగా జరిగే సమాధుల పండుగకూ దీనికీ బాహ్యరూపంలో పోలిక ఉన్నా భావంలో తేడా ఉంది. నవంబరు స్మరణలో దృష్టి పోయినవారి ఆత్మల మీద ఉంటుంది. ఈస్టరు వేకువన దృష్టి వారు లేవబోయే దినం మీద ఉంటుంది.

మృతులను ఉంచే చోటుకు తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి: కాడు, వల్లకాడు, శ్మశానం, రుద్రభూమి. వీటిలో ఏదీ శుభంగా ధ్వనించదు. ‘కాడు’ అంటేనే అడవి, ఊరికి వెలుపలిది. ‘తోట’ దీనికి సరిగా వ్యతిరేకం: మనిషి నాటి, నీరు పెట్టి, కాపు కోసం ఎదురుచూసే చోటు. సిలువ వేసిన స్థలంలో ఒక తోట ఉండెననీ, అందులో కొత్త సమాధి ఉండెననీ యోహాను సువార్త చెబుతుంది. అదే సువార్తలో మగ్దలేనే మరియ లేచిన క్రీస్తును తోటమాలి అనుకుంటుంది. పదానికి మూలం ఈ కథలో ఉన్నదనుకున్నా, కోనసీమలో అది మరో బరువు మోస్తుంది. ఇక్కడ తోట అంటే కొబ్బరితోట. ఆస్తి, హోదా, కులం. దింపు తీసేవాడు, కాయ ఒలిచేవాడు తోటలో పనిచేస్తారు గానీ తోట వారిది కాదు. జీవితమంతా పరుల తోటలో పనిచేసిన మనిషి చివరకు తనదని చెప్పుకోగల తోటలోకి చేరుతాడు. ఈ పేరు వెనుక సాహిత్య స్పృహ లేదని అనుకోవడానికి వీలులేదు. జనం పెట్టుకున్న రూపకం ఇది.

‘సమాధి’ పదం ఇంకా చిక్కైనది. యోగశాస్త్రంలో అది అష్టాంగాలలో చివరిది. సాధువుల విషయంలో అది శరీరం నిలిచిన పవిత్ర స్థలం. వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి తెలుగువారందరికీ తెలిసినదే. అక్కడ సమాధిని పూజించడానికి కారణం మహాత్ముడు లోపల ఉన్నాడన్న నమ్మకం. ఈస్టరు కథలో సమాధి పవిత్రమైనది లోపల ఎవరూ లేనందువల్ల. ‘ఖాళీ సమాధి’ అన్న సమాసం తెలుగు సంస్కారంలో పెరిగిన శ్రోతకు ఒక వైరుధ్యంగా వినిపించాలి. ప్రసంగాల్లో అరిగిపోవడం వల్ల ఆ పదును ఇప్పుడు తెలియడం లేదు.

ఇక్కడ జాషువ ‘శ్మశానవాటి’ పద్యాలను పక్కన పెట్టి చూడాలి. సత్య హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో నటులు వాటిని చేర్చి పాడటంతో అవి తెలుగు పల్లెకు శ్మశాన గీతికలయ్యాయి. ఆ పద్యాల్లో కవి వేదన రెండు మాటల మధ్య నడుస్తుంది: కదలిక లేని శయనం, ఒక్కడూ లేచి రాకపోవడం. ఏండ్లు గడిచినా కన్ను మూసినవాడెవడూ తిరిగి లేవలేదన్నదే అక్కడి విషాదం. ఈస్టరు పాట వాడేదీ అదే నిద్ర, అదే లేచుట. ఒకే క్రియకు ఒకచోట వ్యతిరేక రూపం, మరొకచోట నిశ్చయ రూపం. ఆ పద్యాలు రాసిన కవే తర్వాతి కాలంలో లేచినవాని చరిత్రను కావ్యంగా రాయడం యాదృచ్ఛికం కాదని వాదించేందుకు ఆస్కారం ఉంది. అయితే విమర్శ ఈ రెంటినీ కలిపి చదవకుండా ఒకదానిని కరుణరస ఖండికగా, మరొకదానిని మత కావ్యంగా విడదీసింది. నాటకంలోని వింత మరొకటి. లేచి రారన్న పద్యం వినిపించే ఆ కాటి సీను తరువాతనే లోహితాస్యుడు లేస్తాడు. ప్రేక్షకుడు నిరాశను పద్యంలోనూ ఆశను కథలోనూ ఒకే రాత్రి అందుకుంటాడు.

జాషువ పద్యాల్లో శ్మశానం అస్పృశ్యతకు చోటులేని స్థలం కూడా. ఇది కవి చేసిన ఆరోపణగా చదవాలి తప్ప వాస్తవ చిత్రణగా కాదు. తెలుగు పల్లెల్లో కులాల వారీగా శ్మశానాలు వేరుగా ఉన్నాయి. మృత్యువు సమం చేసినదాన్ని పూడ్చే నేల మళ్లీ విడదీస్తుంది. సమాధుల తోట ఈ విభజనను దాటినదని చెప్పలేం. చాలాచోట్ల అది పేటకు చెందిన తోటే. దానిని బహిష్కృత స్థలంగా వదలక, ఏటికొకసారి సున్నం వేసి, దీపాలు పెట్టి, పండుగ స్థలంగా మార్చుకోవడం జాషువ కోరిన సమానత్వానికి మరో దారి.

స్త్రీల పాత్ర మరింత స్పష్టం. హిందూ ఆచారంలో స్త్రీలు కాటికి వెళ్లకపోవడం తెలుగునాట విస్తారంగా పాటించే నియమం. చంద్రమతి కాటికి రావడం విధి తెచ్చిన ఘోరంగానే నాటకం చూపిస్తుంది. ఆమె వెంట ఎవరూ లేకపోవడమే ఆ సీనులోని కరుణ. నాలుగు సువార్తల్లోనూ వేకువన సమాధి దగ్గరకు మొదట వెళ్లినవారు స్త్రీలు. మార్కు ప్రకారం రాయి ఎవరు పొర్లించుతారని వారు దారిలో అనుకుంటారు. కోనసీమ సమాధుల తోటలో వేకువన కొవ్వొత్తి వెలిగించే చేతుల్లో తల్లులవీ, భార్యలవీ ఉంటాయి. ఆ చీకటిలో వారు చేస్తున్నది సువార్త కథకు పునరభినయం. దీనిని ‘ఆచారం’ అని ఒక్క మాటలో దాటవేసే వర్ణనల్లో ఈ అభినయ స్వభావం కనుమరుగవుతుంది. పట్టణాల్లో ఇప్పుడు మైకులూ ఫ్లెక్సీలూ పెరిగి ఆ నిశ్శబ్ద దృశ్యాన్ని కమ్ముతున్న మాట వాస్తవమే.

ఇంగ్లండు, జర్మనీ దేశాల ఈస్టరు చిత్రాల్లో గుడ్లూ కుందేళ్లూ, మంచు కరిగి చిగురు తొడిగే వసంతమూ కనిపిస్తాయి. మార్చి 22, ఏప్రిల్ 25ల మధ్య వచ్చే ఈ పండుగ కోనసీమలో దాళ్వా కోతల వేళకు, ఎండలు ముదిరే వేళకు పడుతుంది. 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న వచ్చింది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే సీమకు చిగురు కొత్త సంగతి కాదు. అందువల్ల ఇక్కడ పండుగ ప్రతీకలు ఋతువు నుంచి కాక వేళ నుంచి పుట్టాయి. వసంతం స్థానాన్ని వేకువ తీసుకుంది.

తుదకు సమాధి ఫలకాల భాష. ‘ప్రభువునందు నిద్రించెను’ అన్నది వాటిపై విస్తారంగా కనిపించే వాక్యం. ఆంగ్లంలో క్రైస్తవ శ్మశానాన్ని చెప్పే మాటకు మూలమైన గ్రీకు పదానికి నిద్రించే చోటు అనే అర్థం. నిద్రించినవాడు లేవవలసినవాడు, వ్యాకరణమే విశ్వాసాన్ని చెబుతోంది. ఈ ఫలకాలు చరిత్ర పరంగానూ విలువైన పాఠాలు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవ దళితులను జాబితాకు వెలుపల ఉంచింది; తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చోటు దక్కినా వారికి దక్కలేదు. అందువల్ల కుల ధ్రువపత్రంలో ఒక మతం, ఆదివారం ఆరాధనలో మరొక మతం అన్న స్థితి దళిత పేటల్లో అరుదు కాదు. ధ్రువపత్రం చెప్పని మాట ఫలకం మీది సిలువ చెబుతుంది. బతికి ఉన్నంతకాలం రాతలో దాచవలసి వచ్చిన పేరు సమాధుల తోటలో, రాతి మీద, ఈస్టరు కొవ్వొత్తి వెలుగులో అందరూ చదివేలా ఉంటుంది.