విష్ణుకుండినుల మతము: శాసనవాక్య విమర్శనము

ఆంధ్రదేశమున బౌద్ధము క్షీణించుటకు కారణము చెప్పవలసినపుడు పలువురు విష్ణుకుండినుల పేరు చెప్పుదురు. ఆ రాజులు శ్రీపర్వతస్వామి పాదానుధ్యాతులు. వారిలో మాధవవర్మ పదునొకండు అశ్వమేధములును వేయి క్రతువులును గావించెనని ఆ వంశశాసనములు కీర్తించుచున్నవి. కావున వైదికమతము తలయెత్తినంతనే బౌద్ధము అణఁగిపోయెనని బాలురకు ఒక్క వాక్యముతో బోధించుట పరిపాటి యైనది. శాసనముల ప్రశస్తిభాగమును మాత్రము చదివి దానభాగమును ఉపేక్షించుటవలననే ఈ నిర్ణయము పుట్టినది.

ప్రశస్తి కావ్యజాతికిఁ జేరినది. రాజు లోకమున నెట్లు కీర్తింపఁబడఁగోరెనో దానివలనఁ దెలియును. దానభాగము వ్యవహారము. ఎవరు, ఎవరికి, ఏ గ్రామమును, ఎందులకిచ్చిరో అందుఁ దెలియును. ఒక రాజ్యమున నే మతము జీవించి యుండెనో తెలిసికొనుటకు మొదటిదానికంటె రెండవదియే ప్రబలప్రమాణము.

తుమ్మలగూడెమున లభించిన రెండు తామ్రశాసనములు ఇందులకు నిదర్శనములు. మొదటిదానియందు గోవిందవర్మ, తన రాణి పరమభట్టారికా మహాదేవి కట్టించిన విహారమునకు గ్రామములను దాన మొసఁగెను. రెండవది శకవర్షము 488, అనఁగా క్రీ.శ. 566 నాఁటిది. అందు విక్రమేంద్ర భట్టారకవర్మ ఆ విహారమునకే మరల గ్రామదానము చేసెను. ఈ యిరువురి నడుమనే అశ్వమేధయాజి యగు మాధవవర్మ యున్నాఁడు. అతఁడు గోవిందవర్మకు కుమారుఁడు. విక్రమేంద్రుఁడు అతనికి మునిమనుమఁడు. పదునొకండు అశ్వమేధములు జరిగిన పిమ్మటను ఆ విహారమున భిక్షుసంఘము నిలిచియే యున్నది. యజ్ఞకర్త మునిమనుమఁడే దానిని పోషించినాఁడు. యాగధూమమున బౌద్ధము నశించినదను వాదమునకు ఇంతకంటె ప్రబలమగు బాధకము వేఱొకటి కావలయునా?

రాజులు వేదమును, అంతఃపుర స్త్రీలు బుద్ధుని కొలిచిరని కొందఱు సమాధానము చెప్పుదురు. ఇక్ష్వాకులయెడ ఆ మాటకు కొంత ఆధారము కలదు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుఁడు అశ్వమేధ వాజపేయములు చేయఁగా, ఆతని సోదరి చాంతిసిరి వీరపురుషదత్తుని ఆఱవ రాజ్యవర్షమున నాగార్జునకొండ మహాచైత్యమునకు స్తంభములు నిలిపినది. కాని ఆ విభాగము విష్ణుకుండినులకుఁ బొసఁగదు. విహారము రాణి కట్టించినదే యైనను, గ్రామముల నిచ్చినవారు రాజులు.

ఇఁక హైదరాబాదున మూసీ తీరమునందలి చైతన్యపురిలో, నరసింహస్వామి యాలయము చెంత శిలపై ప్రాకృతశాసన మొకటి కలదు. అది గోవిందరాజ విహారమును, పిండపాతికులగు భిక్షువులను పేర్కొనుచున్నది. ఈ గోవిందరాజు విష్ణుకుండిన గోవిందవర్మయే యని చరిత్రకారులు తలంతురు. రాజెవఁడను చర్చలో పడి పిండపాతిక శబ్దమును దాటిపోవుట తగదు. ఈ శాసనమునకు జీవము ఆ శబ్దమే. విశుద్ధిమార్గమున బుద్ధఘోషుఁడు వివరించిన పదుమూఁడు ధుతాంగములలో పిండపాతికాంగ మొకటి. ఆ వ్రతము పూనినవాఁడు విందుపిలుపుల నంగీకరింపక, ఇంటింటికిఁ దిరిగి పాత్రలోఁ బడిన భిక్షనే భుజింపవలెను. అట్టివారికి విహారము వెలసినదనఁగా, కాలినడకకు అందుబాటులో ప్రతిదినము పిడికెఁడు కూడు పెట్టఁగల గృహస్థులు ఉండియుండవలెను. తుమ్మలగూడెపు విహారము గ్రామాదాయముతో జీవించినది. మూసీ తీరపు భిక్షువులు ఊరివారి చేతి భిక్షతో జీవించిరి. మొదటిది రాజు ధర్మమును, రెండవది పేరు తెలియని ప్రజల ధర్మమును తెలుపుచున్నవి.

ఇందువలన బౌద్ధము క్షీణింపలేదని చెప్పుట కాదు. ఏడవ శతాబ్దిలో ధాన్యకటకమును దర్శించిన హ్యూయన్‌త్సాంగు అచ్చటి సంఘారామములు పెక్కు పాడువడియుండెననియు, ఇరువదింటియందు మాత్రము భిక్షువు లుండిరనియు వ్రాసెను. క్షయము సత్యము, దానికి రాజుల యజ్ఞములే హేతువను మాట అసత్యము. విహారమునకు భూమి నిచ్చిన చేతులును, భిక్షాపాత్రలో అన్నము వేసిన చేతులును ఎప్పుడు, ఎందువలన వెనుదీసినవో శోధించినపుడే నిజమైన హేతువు తెలియును.

హైదరాబాదు చరిత్ర 1591లో చార్మినారుతో ఆరంభమై, 1998లో ప్రారంభమైన సైబరు టవర్లతో హైటెక్ సిటీగా రెండవ జన్మ మెత్తెనని లోకవాడుక. ఆ రెండింటికిని పెక్కు శతాబ్దములకుఁ బూర్వమే ఈ మూసీయొడ్డున ఇంటివాకిట భిక్షువు నిలిచెను, ఇంటివారు అన్నము పెట్టిరి. రాజుల యజ్ఞసంఖ్యను బాలురకు బోధించు పండితులు ఈ ఒక్క శబ్దమును కూడ దానితోఁ జేర్చి బోధింతురేని, మతములు పరస్పరము మ్రింగుకొనుటయే చరిత్రము అను భ్రాంతి చాలవఱకు తొలఁగును.