రెండు డాలర్ల నోటు వెనుక

నా నోటు పుస్తకపు అట్టకును మొదటి కాగితమునకును నడుమ ఒక రెండు డాలర్ల నోటు పండ్రెండేండ్లుగా నివసించుచున్నది. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఒక సంక్రాంతికి వచ్చినపుడు, “ఇది దగ్గరుంటే కలిసొస్తుందని అక్కడ కొందరి నమ్మకం మామయ్యా, ఖర్చుపెట్టకండి” అని నా చేతిలో పెట్టిపోయెను. కలిసివచ్చిన ధనమేమియు లేదు గాని, ఆ నోటు వెనుకనున్న బొమ్మ మూలమున నాకొక గర్వభంగము కలిగినది.

బడిపిల్లలకు జరుగు క్విజ్ పోటీలకు ప్రశ్నలు కూర్చుట నాకు చిరకాలపు వ్యసనము. అందును అమెరికా చరిత్రలోని చిల్లర విశేషములన్న మక్కువ యెక్కువ. ఏలయన, ఆ రాజ్యము వయస్సున చిన్నదగుటచేతను, పుట్టిననాటినుండియు కాగితములను దాచుకొను అలవాటు గలదగుటచేతను, అచ్చటి పిట్టకథ నిజమో కల్లయో తేల్చుకొనుటకు వీలు మెండు. మన రాజులు దానశాసనములు చెక్కించిరే గాని చాకలిపద్దులు దాచలేదు గదా! ఒక పోటీలో నేను ఆ నోటు వెనుక బొమ్మను చూపించి, ఇది ఏ ఘట్టమని అడిగితిని. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటనపై సంతకములు చేయు ఘట్టమని చెప్పినవారికి మార్కులు వేయించి, ఇంటికి వచ్చి సుఖముగా నిద్రించితిని. ఆ బొమ్మకు మూలమైన జాన్ ట్రంబుల్ చిత్రమును గూర్చి తరువాతెప్పుడో చదువగా తెలిసినదేమనగా, అందు ఎవ్వరును సంతకము చేయుట లేదు. జెఫర్సన్, ఆడమ్స్, ఫ్రాంక్లిన్, షెర్మన్, లివింగ్‌స్టన్ అను అయిదుగురి ఉపసంఘము తన చిత్తుప్రతిని అమెరికా వలసల ప్రతినిధుల సభకు అధ్యక్షుడైన జాన్ హాంకాక్ ముందుంచుచున్నది, అంతే.

తీగ లాగిన డొంక కదలినది. సభ స్వాతంత్ర్య తీర్మానమును ఆమోదించినది జూలై 2న. ప్రకటన పాఠమును అంగీకరించినది 4న. సభ్యులలో పెక్కురు సంతకములు చేసినది ఆగస్టు 2న. రాబోవు తరములవారు జూలై 2ను ఫిరంగులతోను, గంటలతోను, దీపాలంకారములతోను మహోత్సవముగా జరుపుకొందురని జాన్ ఆడమ్స్ మరునాడే భార్య అబిగెయిలునకు జాబు వ్రాసెను. ఆయన ఊహించిన వేడుకలన్నియు నేటికిని జరుగుచునే యున్నవి, తేదీ ఒక్కటి తప్ప. 4వ నాటి రాత్రి జాన్ డన్లప్ అను ముద్రాపకుడు అచ్చువేసిన ప్రతులమీద ఆ తేదీ యుండుటచే లోకము దానినే పట్టుకొనినది. అచ్చులో పడినదానికి గల బలమట్టిది. పత్రికలో వ్రాసికొనుచు బ్రతుకు నేను ఈ మాట అనరాదు గాని.

ఆ ఆడమ్సే, తన మిత్రుడును ఒకప్పటి ప్రత్యర్థియునైన జెఫర్సనుతో కలిసి, సరిగా ఏబది యేండ్లకు, 1826 జూలై 4ననే కన్నుమూసెను. జెఫర్సన్ మధ్యాహ్నమున వర్జీనియాలోను, ఆడమ్స్ సాయంకాలమున మసాచుసెట్స్‌లోను. తంతివార్తలు లేని కాలమగుటచే జెఫర్సన్ మరణవార్త ఆడమ్సునకు తెలియనేలేదు. అయిదేండ్లకు మరియొక మాజీ అధ్యక్షుడైన మన్రో కూడ అదే తేదీన పోయెను. ఇంత పొందికగా కుదిరిన కథను విన్నంతనే నేను అనుమానింతును. అయినను ఇది నికరముగా నిలిచినది. అంతకంటె పొందికైనవి మాత్రము నిలువవు. లింకన్ కార్యదర్శి పేరు కెనెడీ యనియు, కెనెడీ కార్యదర్శి పేరు లింకన్ యనియు మనవారు వాట్సాప్‌లో పంపుకొను విచిత్రమున రెండవ సగము సత్యము, మొదటి సగము కల్ల. లింకన్ కార్యదర్శులు నికొలేయు, హేయు.

నాకు మిక్కిలి ప్రియమైన పిట్టకథ విల్మర్ మెక్లీన్ అను టోకు వర్తకునిది. అమెరికా అంతర్యుద్ధమున, 1861 జూలైలో వర్జీనియాలోని మనాసస్ దగ్గర ఉత్తర దక్షిణ సైన్యములు మొదటిమారు పెద్దయెత్తున తలపడినపుడు, దక్షిణ సేనాని బోర్గార్డ్ ఈతని యింటనే విడిది చేసియుండగా, ఒక ఫిరంగిగుండు వచ్చి వంటయింటి పొయ్యిలో పడినది. మెక్లీన్ ఆ పోరు పడలేక దూరముగా అపొమాటక్స్ అను చిన్నయూరికి కుటుంబముతో తరలిపోగా, 1865 ఏప్రిల్ 9న దక్షిణ సేనాని జనరల్ లీ, ఉత్తర సేనాని జనరల్ గ్రాంటునకు లొంగిపోవుటకు వెదకి వెదకి కుదుర్చుకొన్న చోటు ఆతని సావడిగదియే! యుద్ధము ఆతని పెరటిలో మొదలై ముందుగదిలో ముగిసినదని చెప్పుకొందురు. విన సొంపుగానే యున్నది. కాని యుద్ధము మొదలైనది మూడు నెలలు ముందుగా సౌత్ కెరొలైనాలోని సమ్టర్ కోటవద్ద. అపొమాటక్స్ తరువాతను తక్కిన దక్షిణ సేనలు వారములతరబడి కత్తి దింపలేదు. ఆయన వలస వెళ్లుటకును భయమొక్కటియే గాదు, దక్షిణ సైన్యమునకు పంచదార అమ్ముకొను బేరమును కారణమే. నాకు మాత్రము సొంపైన వాక్యముకంటె, ఆనాటి సాయంకాలము ఆ గదిలో జరిగినదే రుచించును: సంధి ముగియగనే ఉత్తరపు అధికారులు జ్ఞాపికలకై కుర్చీలు, బల్లలు ఎత్తుకొని పోయిరి; వారిలో షెరిడాన్ అను సేనాని గ్రాంట్ వ్రాసిన బల్లకు 20 డాలర్ల బంగారము చెల్లించి, దానిని కస్టర్ అను తోటి అధికారి భార్యకు కానుకగా పంపెను. యుద్ధమున గెలిచినవారిలో ఇంటిసామానునకు వెల కట్టినవాడొక్కడైన ఉండుట నాకు తృప్తి.

నిలువని కథలలో మరియొకటి: తొలి అధ్యక్షుడైన వాషింగ్టన్ కట్టుడుపండ్లు కొయ్యవి యనుట అబద్ధము. అవి ఏనుగు దంతము, నీటిగుఱ్ఱపు దంతము, మనుష్యుల పండ్లు కలిపి చేసినవి. ఆయన లెక్కలపుస్తకమున 1784లో నీగ్రోలకు తొమ్మిది పండ్ల నిమిత్తము సొమ్ము చెల్లించినట్లొక పద్దు కలదు. దీనిని పిల్లల పోటీలో ఎన్నడును అడుగలేదు.

ఇక మన తీరమునకు వచ్చిన కథ. ఎలిహూ యేల్ 1649లో బోస్టనులో పుట్టి, పసితనముననే ఇంగ్లండునకు చేరి, 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా చెన్నపట్నమున దిగెను. ఆ నేలను అంతకు మూడు దశాబ్దములు మునుపు కంపెనీకి దానము చేసినది దామెర్ల వేంకటప్ప నాయకుడను తెలుగు నాయకుడు. ఆ పట్టణము పేరు ఆయన తండ్రి చెన్నప్ప పేరు. యేల్ 1687లో సెయింట్ జార్జి కోటకు గవర్నరై, సొంత వ్యాపారపు ఆరోపణలపై 1692లో పదవి కోల్పోయెను గాని, సంపాదించినది మాత్రము కోల్పోలేదు. కనెక్టికట్‌లోని ఒక బీద కళాశాలకు సాయము కోరుచు, దానికి దాత పేరు పెట్టవచ్చునని సూచించుచు కాటన్ మేదర్ అను పాదిరి జాబు వ్రాయగా, యేల్ 1718లో 417 పుస్తకములను, జార్జి రాజు చిత్తరువును, తొమ్మిది మూటల సరకును పంపెను. మస్లిన్, కాలికో మొదలగు వస్త్రములతో గూడిన ఆ మూటలు 562 పౌనులకు అమ్ముడుపోయినవి. కళాశాల యేల్ కళాశాల అయినది. మన పిల్లలు నేడు ఆ విశ్వవిద్యాలయములో సీటు వచ్చినదని మిఠాయిలు పంచునపుడు నేను ఈ మూటలను తలచుకొందును.

అట్లే మన దేశమునకు వచ్చినవాడు మరియొకడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున ఓడి, 1781లో యార్క్‌టౌనులో లొంగుబాటునకు తాను రాక, జబ్బని చెప్పి, కత్తిని వేరొకని చేత పంపిన ఆంగ్ల సేనాని కార్న్‌వాలిస్ అయిదేండ్లకే గవర్నరు జనరలై కలకత్తాకు వచ్చెను. 1793లో ఆయన బంగాళమున నాటిన శాశ్వత శిస్తు పద్ధతియే తరువాతి పదేండ్లలో ఉత్తర సర్కారులకును ప్రాకి, మన జమీందారీలకు ఊపిరియైనది. అచ్చట ఓడినవాని గోరీ ఘాజీపురమున గంగయొడ్డున నున్నది.

ఆనాడు ఆ రెండు డాలర్ల నోటు ప్రశ్నకు మార్కులు పోగొట్టుకొన్న పిల్లలెవరైన ఇది చదువుచున్నచో, తప్పు నాది, మీది కాదు. ప్రశ్నలు పంపగోరు పాఠకులకు మనవి: జవాబుతోపాటు అది ఏ పుస్తకమున చదివిరో దాని పేరును వ్రాయుడు. వాషింగ్టన్ బాల్యమున చెఱ్ఱీచెట్టు నరికిన కథ మాత్రము దయచేసి పంపవద్దు. అది వీమ్స్ పాదిరి కల్పన.